పరిచయస్తురాలు

ఆసుపత్రిలో అందరూ ఆమెను అతుకులక్క అనేవారు. కింది అంతస్తులో, బట్టలుతికే యంత్రాల గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఆమె ఉద్యోగం. వార్డుల నుంచి చిరిగి వచ్చిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు బాగుచేసి మళ్ళీ పైకి పంపాలి. ఇరవై రెండేళ్ళుగా అదే మిషను, అదే కిటికీ. ఆమె వేసిన అతుకు కనబడాలంటే దుప్పటిని వెలుతురుకు పట్టి చూడాల్సిందేనని పెద్ద నర్సు కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది. మనిషి కూడా అంతే. గట్టిగా మాట్లాడితే గోడలకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు మాట్లాడేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, రెండేళ్ళు చిన్న. నలభై ఆరేళ్ళు వచ్చి, నుదుటి మీద జుట్టు వెనక్కి పోయినా ఇంట్లో అతను చిన్నోడే. మునిసిపాలిటీ భవనాల్లో లిఫ్టులు బాగుచేసేవాడు. అక్క ఎంత నెమ్మదో తమ్ముడు అంత వాగుడుకాయ. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే, తలుపు తెరిచేదాకా బయటి నుంచే కబుర్లు చెప్పి వాళ్ళను నవ్విస్తూ ఉండేవాడు. ఒక ముసలావిడ తలుపు తెరుచుకున్నాక కూడా కథ పూర్తయితేగానీ దిగనని కూర్చుందట. అందులో నిజమెంతో అతనికే తెలియాలి.

తల్లి పోయేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు, అతనికి పన్నెండు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే తండ్రి పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు కనుక, తమ్ముడికి తల దువ్వడం దగ్గర నుంచి లెక్కలు చెప్పడం దాకా ఆమెదే. తర్వాత ఆమెకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, నాలుగేళ్ళు తిరక్కుండానే భర్త జ్వరంతో పోయాడు. తోడుగా ఓ నెల ఉంటానని వచ్చిన తమ్ముడు వెనకగదిలో పదిహేడేళ్ళు ఉండిపోయాడు. మేనకోడలిని భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళింది అతనే. పెళ్ళి చేసుకోరా అంటే, అదీ లిఫ్టు లాంటిదే అక్కా, మధ్యలో ఆగితే తీసేవాడు దొరకడు, అని తప్పించుకునేవాడు.

పోలికల్లో మాత్రం ఇద్దరికీ పొంతన లేదు. ఆమె తండ్రిలా పాలిపోయినంత తెలుపు, జారిపోయే జుట్టు. అతను అమ్మమ్మ పోలిక: గట్టి నలుపు, ఉంగరాల జుట్టు, వెడల్పాటి ముక్కు. ఆ అమ్మమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఐదువేళ్ళూ ఒక్కలా ఉంటాయా అని ఊరుకునేవారు. చిన్నప్పుడు గొడవపడితే, నిన్ను తవుడుకి కొన్నారురా అని ఆమె ఏడిపించేది. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పరిగెత్తితే, దాన్నీ అక్కడే కొన్నాను, ఒకే బస్తా తవుడు, ఇద్దరికీ సగం సగం, అని ఆవిడ తీర్పు చెప్పేది.

కొత్త గుర్తింపు కార్డులు వచ్చింది కూతురు నర్సింగు బడిలో చేరిన ఏడాది. పాత కార్డులో జాతీయత అని ఒక గడి ఉండేది. కొత్తదాంట్లో దాని కింద జాతి అని ఇంకో గడి చేరింది. స్వజాతి, మిశ్రజాతి, పరజాతి. మూడింట్లో ఏదో ఒకటి. పేర్లు రాసుకోవడం ఒక బడి హాల్లో పెట్టారు. ఆడవాళ్ళకు ఒక వరుస, మగవాళ్ళకు ఒక వరుస. ఆడవాళ్ళ బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా అప్పటికే అలిసిపోయి ఉంది. ఒక్కసారి తలెత్తి చూసి, తల్లీ కూతుళ్ళిద్దరికీ రెండు గీతలు గీసి, తర్వాత ఎవరు అంది. మగవాళ్ళ బల్ల దగ్గర ఉన్నవాడు శిక్షణ తీసుకుని వచ్చిన మనిషి. టోపీ తీయమన్నాడు, పక్కకి తిరగమన్నాడు, రంగుల పట్టీ ఒకటి తెచ్చి చెంప పక్కన పెట్టి చూశాడు. ఏం రాశాడో చెప్పలేదు.

నెల తర్వాత కార్డులు తపాలాలో వచ్చాయి. ఆమెదీ కూతురిదీ స్వజాతి. తమ్ముడిది మిశ్రజాతి. అతను రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసి పగలబడి నవ్వాడు.

"జాతీయత ఇద్దరికీ ఒకటేనట అక్కా. ‘యత’ ఊడిపోయేసరికి చుట్టరికం కూడా ఊడిపోయింది చూడు."

ఆమె కూడా నవ్వింది. గుమస్తా తప్పు రాశాడు, ఎప్పుడో తీరిగ్గా వెళ్ళి దిద్దించుకుందాంలే అనుకుని కార్డులు సొరుగులో పడేశారు. ఏడాది పాటు వాటి అవసరం ఎవరికీ పడలేదు.

తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. ప్రభుత్వ భవనాల్లో యంత్రాల పని స్వజాతివాళ్ళే చేయాలని ఉత్తర్వు వచ్చి, తమ్ముణ్ణి లిఫ్టుల నుంచి తీసి పాత సామాన్ల గోదాములో కాపలాకి వేశారు. కనీసం అక్కడ ఎవరూ ఇరుక్కోరు అన్నాడతను. ఆసుపత్రిలో మిశ్రజాతి రోగులను వెనకవైపు కట్టడంలోకి మార్చారు. ఆ కట్టడానికి వెళ్ళే దుప్పట్లు మిగతావాటిలో కలవకుండా మూలన నీలం దారంతో గుర్తు వేయమని ఆమెకు కాగితం వచ్చింది. రోజుకు అరవై, డెబ్భై. అతుకు కనబడకుండా వేయడం అలవాటైన చేతికి, కనబడేలా కుట్టడం మొదట్లో రాలేదు. కుట్లు చిన్నవయ్యాయని పైవాళ్ళు ఒకసారి వెనక్కి పంపారు. పెద్దవి చేసి మళ్ళీ కుట్టింది. చెయ్యనంటే ఏమవుతుందో ఆలోచించింది. ఆ మిషను దగ్గర ఇంకొకరు కూర్చుంటారు, అంతే. ఇంటికి వెళ్ళి తమ్ముడితో ఆ సంగతి చెప్పలేదు.

ఆపైన ఇళ్ళ ఉత్తర్వు వచ్చింది. స్వజాతి భవనాల్లో ఉన్న మిశ్రజాతివాళ్ళు తొంభై రోజుల్లో రైలు పట్టాల అవతల కట్టిన కాలనీకి మారాలి. అప్పుడు ఆమె ఒకపూట సెలవు పెట్టి దిద్దుబాటు విభాగానికి వెళ్ళింది. అది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పదిహేను రోజులుగా ఆగిపోయి ఉంది. ఒకప్పుడు తమ్ముడు చూసుకున్న లిఫ్టే. మెట్లెక్కి, రొప్పు తగ్గేదాకా వరండాలో నిలబడి లోపలికి వెళ్ళింది.

అక్కడి గుమస్తా మంచివాడు. ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. కార్డుల నకళ్ళు చూశాడు. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, తప్పు జరిగితే దిద్దుతారు. దానికి ఫారం ఉంది. కానీ ఒక తల్లి పిల్లలకి రెండు జాతులంటే, రెంట్లో ఒకటి తప్పు. ఆయన కార్డు తప్పని మీరంటున్నారు. మీ కార్డే తప్పని, పైన తీర్పు చెప్పే బోర్డువాళ్ళంటే?"

ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. ఈ విభాగం తెరిచి పద్నాలుగు నెలలైందనీ, పైకి ఎక్కిన కార్డు తాను ఒక్కటీ చూడలేదనీ, అన్నీ కిందికి దిగినవేననీ అతను చెప్పాడు. అనుమానం వస్తే కింది జాతే ఖాయం చెయ్యాలని వాళ్ళకు నియమం ఉందట. పిల్లలున్నారా అని అడిగాడు. ఒక కూతురు, నర్సింగు రెండో సంవత్సరం, అంది. అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నర్సింగు బడి స్వజాతివాళ్ళకే అన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఫారం అడిగితే ఇవ్వాలి, ఇస్తున్నాను. కానీ మీరీవేళ ఇక్కడికి రాలేదనుకోండి. నేనూ మిమ్మల్ని చూళ్ళేదనుకుంటాను."

ఆ ఫారం మూడు వారాలు ఆమె చేతిసంచిలోనే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, నుయ్యిలో ఒక్కరు పడతారు, గొయ్యిలో ముగ్గురు పడతారు. ఎవరిని తోయాలో తేల్చుకోవడమే ఆమెకు మిగిలింది. ఒకసారి భోజన విరామంలో తినడం మానేసి పేరూ, తండ్రి పేరూ, తల్లి పేరూ నింపింది. తమ్ముడి పేరు రాయాల్సిన గడి దగ్గర కలం ఆపి, మడిచి, మళ్ళీ సంచిలో పెట్టింది. ఇంకో రోజు చింపేద్దామని తీసి, చింపలేక పెట్టేసింది.

కూతురికి ఒక సాయంత్రం తాళం చెవి వెతుకుతుంటే ఆ ఫారం దొరికింది. పూర్తిగా నింపి ఇచ్చేయమని పట్టుబట్టింది. తన చదువు పోతే పోనీ, మామయ్యని పట్టాల అవతలికి తోసేసి తాను నర్సయి ఎవర్ని ఉద్ధరించాలి అని అడిగింది. ఆ అడగడంలో తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. అందుకే నోరు మూసుకోమని కసిరింది. ఆ ఇంట్లో ఆమె అలా కసరడం అదే మొదలు. వెనకగదిలోంచి తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నిన్ను భుజాల మీద మోసింది సగం దారిలో దింపెయ్యడానికి కాదే, అన్నాడు మేనకోడలితో. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ పిల్ల లేచి వెళ్ళి స్నానాలగదిలో గడియ పెట్టుకుంది.

ఈలోగా ఇంటికి ఒక నోటీసు వచ్చింది. ఒకే చిరునామాలో రెండు జాతులవాళ్ళు నమోదై ఉన్నారు, వారి మధ్య సంబంధమేమిటో పదిహేను రోజుల్లో రాసి తెలపండి, అని. తమ్ముడి పేరిట వచ్చింది. ఆమె ఆసుపత్రిలో ఉన్న సమయంలో అతను అందుకున్నాడు. చెప్పలేదు. గోదాములో బల్ల మీద కూర్చుని జవాబు రాసి, తానే వెళ్ళి ఇచ్చి వచ్చాడు. రెండు రోజుల తర్వాత ముగ్గురూ అన్నానికి కూర్చున్నప్పుడు, కూర వడ్డించుకుంటూ మామూలుగా చెప్పాడు. నేను మీ ఇంట్లో అద్దెకుంటున్నానని రాసిచ్చేశానక్కా, ఇక ఎవరూ మీ ఫైలు తెరవరు, అని.

ఆమె చెయ్యి కంచంలో ఆగింది.

"అమ్మ పేరు దగ్గర ఏం రాశావు?"

అతను కూర గిన్నె మూత సరిగ్గా పడలేదన్నట్టు రెండుసార్లు సర్దాడు.

"తెలియదని రాశాను."

కూతురు తల్లి ముఖం వంక చూసి చూపు దించుకుంది.

"అమ్మకి తెలుసులే అక్కా," అన్నాడు.

ఆమె లేచి వెళ్ళి కుళాయి విప్పి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది. తల్లి పోయిన రోజున వాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని, నేనున్నాను కదరా అని చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ మాటకు ఇప్పుడు ఏ ఆఫీసులోనూ విలువ లేదు. అయినా, సంచిలో ఫారం ఇక అక్కర్లేదన్న సంగతి తట్టగానే ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. ఆ తేలికను ఆమె తనకు తాను ఎప్పటికీ క్షమించుకోలేకపోయింది.

కాలనీకి వెళ్ళే లారీ ఒక శనివారం పొద్దున వచ్చింది. అప్పటికే అందులో ఏడు కుటుంబాల సామాన్లున్నాయి. తమ్ముడికి ఉన్నదే తక్కువ: పరుపు, పనిముట్ల పెట్టె, రెండు సంచుల బట్టలు. కుర్చీ తీసుకెళ్ళమంటే చోటు లేదన్నాడు. ఆమె కిందిదాకా వస్తానంటే ఒప్పుకోలేదు. చుట్టూ కిటికీల్లో జనం ఉన్నారు, ఎవరు ఏ ఆఫీసుకు ఏం చెబుతారో తెలియదు.

"అద్దెకున్నవాడు ఖాళీ చేస్తుంటే ఇంటావిడ ఏడవదక్కా, హమ్మయ్య అనుకుంటుంది. కిటికీలోంచి చూడు, చాలు."

ఆమె కిటికీలోంచే చూసింది. లారీ కదిలాక అతను సామాన్ల మీద కూర్చుని పక్కవాళ్ళతో ఏదో చెబుతున్నాడు. వాళ్ళు నవ్వడం కనబడింది. వీధి మలుపు తిరిగేదాకా అతను తలెత్తి పైకి చూడలేదు.

మొదటి ఆదివారమే ఆమె కాలనీకి వెళ్ళింది. రెండు బస్సులు మారి, రైలు వంతెన దాటి నడవాలి. రేకుల ఇళ్ళు వరసలు వరసలుగా ఉన్నాయి, చుట్టూ కంచె, ఒకటే గేటు. గేటు దగ్గర సందర్శకుల పుస్తకం. పేరు రాసింది, చిరునామా రాసింది, సంబంధం అన్న గడిలో అలవాటు కొద్దీ ‘అక్క’ అని రాసేసింది. కాపలావాడు ఆమె కార్డూ పుస్తకమూ రెండూ చూశాడు. కసురుకోలేదు. స్వజాతివాళ్ళకు మిశ్రజాతిలో అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉండరు కదమ్మా, అలా రాస్తే నేను పైకి పంపాల్సి వస్తుంది, అన్నాడు. తెల్లరంగు సీసా తీసి ఆ మాట మీద పూశాడు. ఆరేదాకా ఊది, మళ్ళీ కలం ఇచ్చాడు. ఆమె ‘పరిచయస్తురాలు’ అని రాసింది. గడి చిన్నది, ఆ మాట పొడుగు. చివరి అక్షరాలు గీత దాటిపోయాయి.

పరిచయస్తులకు గంటసేపు. గేటు లోపల షెడ్డులో రెండు బల్లలు వేసి ఉండేవి, అక్కడ కూర్చుని మాట్లాడుకునేవారు. తమ్ముడు చిక్కాడు గానీ మాటలు తగ్గలేదు. ఈ కాలనీలో మేడ అన్నదే లేదు, లిఫ్టుల మేస్త్రీకి ఇంతకన్నా విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది అన్నాడు. నీళ్ళ మోటారు పాడైతే బాగుచేశాడట. పక్కింట్లో ఒక ముసలి టీచరు ఉందట, జాతీయగీతం పిల్లలకు నలభై ఏళ్ళు నేర్పిందట, ఇప్పటికీ పొద్దున్నే పాడుకుంటూ ఉంటుందట. ఆమె సంచిలోంచి టీ ఫ్లాస్కు, ఉడికించిన గుడ్లు, కుట్టి తెచ్చిన చొక్కా తీసేది. చొక్కా మోచేతి దగ్గర వేసిన అతుకును అతను వేలితో తడిమి వెతికేవాడు. దొరికేది కాదు.

అలా పదకొండు ఆదివారాలు గడిచాయి. పన్నెండో ఆదివారం గేటు మీద కొత్త కాగితం అతికించి ఉంది. కాలనీలోకి ఇకమీదట రక్తసంబంధీకులనే అనుమతిస్తారు, పరిచయస్తులకు, సంస్థలవాళ్ళకు ప్రవేశం లేదు, అని. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. గేటు దగ్గర అదే కాపలావాడు. ఆమెను గుర్తుపట్టాడు. తెల్లరంగు పూసిన రోజు అతనికీ గుర్తుందని ఆ చూపులోనే తెలిసింది. అయినా అడగవలసిన మాట అడిగాడు.

"మీరు ఆయనకేమవుతారమ్మా?"

అక్కనని ఒక్క మాట అంటే లోపలికి వెళ్ళొచ్చు. అంటే సాయంత్రానికి ఫైలు తెరుచుకుంటుంది. కూతురి ఆఖరి పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది. తల్లి పేరు తెలియదని రాసినవాడు, ఈ ఒక్క మాట బయటికి రాకూడదనే రాశాడు. ఫ్లాస్కు సంచిలోంచి కాలికి తగులుతోంది.

"ఏమీ కాను," అంది.

ఫ్లాస్కూ గుడ్లూ లోపలికి ఇవ్వగలవా అని అడిగింది. బయటి వస్తువులు తీసుకోకూడదన్నాడు. ఆయన మీ కోసం అడిగితే మీరు వచ్చి వెళ్ళారని చెబుతాలెండి, అన్నాడు. ఆమె దండం పెట్టి వెనక్కి తిరిగింది.

కూతురు పరీక్షలు పాసైంది. ఉద్యోగం వెనకవైపు కట్టడంలో ఇమ్మని అర్జీ పెట్టుకుంది. స్వజాతి నర్సులకు అక్కడ పని ఇవ్వరని చెప్పి, పెద్ద కట్టడంలో పిల్లల వార్డులో వేశారు. మొదటి రోజు తెల్ల దుస్తులు వేసుకుని తల్లి గదికి దిగి వచ్చి, కుట్టి దొంతరగా పెట్టిన నీలం గుర్తుల దుప్పట్లు చూసి, వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయింది. ఇంట్లో మామయ్య మాట ఇద్దరూ ఎత్తరు. ఎత్తితే ఎవరు ముందు ఏడుస్తారో ఇద్దరికీ తెలియదు.

కాలనీ నుంచి నెలకొక ఉత్తరం రాసుకోవచ్చు, విప్పి చదివాకే పంపుతారు. తమ్ముడి మొదటి ఉత్తరం ఇలా మొదలైంది: ‘ఇంటావిడగారికి నమస్కారాలు. మీ ఇంట్లో నేను వదిలి వచ్చిన కుర్చీ క్షేమమని తలుస్తాను. మీ అమ్మాయి ఉద్యోగంలో చేరిందని విని సంతోషించాను.’ ఎవరు చెప్పారో, ఎలా విన్నాడో రాయలేదు. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి: ‘నేను ఆదివారాలు నాలుగింటికి పెద్ద కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటాను. రైలు వంతెన మీద ఆ వేళకి గాలి బాగుంటుందని మీరనేవారు.’

ఆమె అలా ఎప్పుడూ అనలేదు. ఆదివారం నాలుగింటికి వంతెన ఎక్కింది. పట్టాలు, వాటి పక్కన ముళ్ళపొదలు, కంచె, ఆ వెనక రేకుల కప్పులు. కప్పుల మధ్య ఒక ఖాళీ జాగాలో కొళాయి, దాని చుట్టూ బిందెలూ బకెట్లూ పట్టుకున్న మనుషులు. ఇరవై ఏళ్ళకు పైగా సూదిలో దారం ఎక్కించిన కళ్ళు. కొళాయి కనబడుతోంది గానీ మనుషుల ముఖాలు ఆనడం లేదు. ఉంగరాల జుట్టు కోసం వెతికింది. నడక కోసం వెతికింది. ఎవరు పొట్టో ఎవరు పొడుగో కూడా తేలలేదు.

చుట్టూ చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని, చెయ్యెత్తి ఊపింది. కొంతసేపు కింద ఏమీ జరగలేదు. తర్వాత ఒకడు చెయ్యెత్తాడు. వాడి పక్కవాడూ ఎత్తాడు. ఆ పక్కన ఇంకో ఇద్దరు, ఒక ఆడమనిషి కూడా. వాళ్ళందరికీ ఎవరో ఒకరు ఆ వంతెన మీదికి వస్తారని ఎదురుచూపు ఉంటుంది కాబోలు. వాళ్ళలో ఎవరు తన తమ్ముడో, అసలు ఆ పూట అతను అక్కడ ఉన్నాడో లేడో ఆమెకు తెలియలేదు. చెయ్యి దించబుద్ధి కాలేదు. ఒక రైలు వచ్చి కిందినుంచి చాలాసేపు వెళ్ళింది. అది వెళ్ళిపోయేసరికి కొళాయి దగ్గర వరస చెదిరిపోయి, మనుషులు బిందెలెత్తుకుని ఎవరి రేకుల ఇంటికి వాళ్ళు నడుస్తున్నారు.